ఉప్పల్ బండికి ఈ రోజే టోకెన్ వేయాలా?

ప్రశ్న: సార్, మాది నల్గొండ దగ్గర పల్లె. ఎల్బీ నగర్‌లో రూమ్ తీసుకుని ఉంటున్నా. బస్సులతో వేగలేక సెకండ్ హ్యాండ్ బండి కొందామని ఆన్‌లైన్‌లో వెతుకుతున్నా. ఒకాయన్ని ఆర్‌సీ ఫొటో పంపమంటే "కొనేవాడివైతే వచ్చి చూస్కో, టైం వేస్ట్ చెయ్యకు" అని బ్లాక్ చేశాడు. ఇంకొకాయన ఆర్మీలో ఉన్నానన్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడి ఐడీ కార్డు, ఆర్‌సీ అడక్కుండానే పంపాడు. పార్సిల్ చార్జీలని మూడు వేలు వేయించుకున్నాడు. మళ్లీ ఆరు వేలు అడిగేసరికి అనుమానమొచ్చి ఆగిపోయా. ఇప్పుడు ఉప్పల్‌లో 2019 హోండా షైన్ ఒకటి నచ్చింది. 46 వేలంటున్నాడు. చూసొచ్చా, బాగానే ఉంది. కానీ ఆర్‌సీ ఆయన బావమరిది పేరు మీద ఉంది, అతను ఖమ్మంలో ఉంటాడట. లోన్ తీరిపోయిందంటాడు గానీ ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంది. "పేపర్లు తర్వాత చూసుకుందాం, ఇంకో నలుగురు లైన్లో ఉన్నారు, ఈ రోజు అయిదు వేలు టోకెన్ వేస్తే నీకోసం ఆపుతా" అంటున్నాడు. ఏదైనా అడిగితే కసురుకుంటున్నాడు. ఇలాంటి వాళ్లతో ఎలా మాట్లాడాలి? టోకెన్ పంపమంటారా? ఈ డబ్బు అమ్మ చిట్టీ ఎత్తి ఇచ్చింది సార్, అందుకే టెన్షన్.

సమాధానం: ఈ రోజు టోకెన్ పంపకండి. ఆ బండి చేజారినా పర్వాలేదు. హైదరాబాద్‌లో షైన్‌లకు కొరత లేదు, ఈ వారం కాకపోతే వచ్చే వారం ఇంకొకటి కనిపిస్తుంది. చిట్టీ డబ్బు పోతే మాత్రం మళ్లీ పోగెయ్యడానికి ఎంత కాలం పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ ఉత్తరంలో అమ్మేవాళ్లు ముగ్గురు ఉన్నారు. వాళ్లలో మీతో బాగా మాట్లాడింది ఆర్మీ పేరు చెప్పినవాడు. మీ డబ్బు తిన్నదీ అతనే. కసిరి బ్లాక్ చేసినాయన మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. పాత బండి బేరంలో అమ్మేవాడి దురుసుతనాన్నీ దాపరికాన్నీ వేరువేరుగా చూడాలన్నది నా గట్టి నమ్మకం. మనం ఈ రెండింటినీ కలిపేస్తాం. కసిరాడంటే మోసగాడనుకుంటాం, "బ్రదర్" అని పిలిచాడంటే మంచివాడనుకుంటాం. కానీ ముక్కోపి దగ్గర కాగితాలు సరిగ్గా ఉంటే నిక్షేపంగా కొనుక్కోవచ్చు. ఆయన మాట తీరుతో మనకు పని ఒక్క పూటే కదా. కాగితం విషయంలో నీళ్లు నమిలేవాడు ఎంత మర్యాదస్తుడైనా వదిలేయాలి. ఆ కాగితంతో మీకు ఏళ్ల తరబడి పని ఉంటుంది.

మొదటాయన సంగతి కాస్త ఆయన వైపు నుంచి చూడండి. ప్రకటన పెట్టిన గంటలోనే "ఉందా బ్రో", "లాస్ట్ ఎంత" అని మెసేజ్‌లు వచ్చి పడతాయి. సగం మంది జవాబిచ్చినా మళ్లీ పలకరు. కొందరు నలభై వేల బండిని ఇరవైకి అడుగుతారు. ఆదివారం పొద్దున వస్తామని చెప్పి రానివాళ్లు, ఫోన్ ఎత్తనివాళ్లు బోలెడుమంది. మూడో రోజుకే అమ్మేవాడికి విసుగొచ్చేస్తుంది. ఆ విసుగు పాపం నిజంగా కొనడానికి వచ్చినవాళ్ల మీద పడుతుంది.

ఆర్‌సీ ఫొటో పంపడానికి భయపడేవాళ్లకూ కారణం ఉంటుంది. అందులో పేరు, అడ్రస్, ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ అన్నీ ఉంటాయి. మీకు ఆర్మీ పేరుతో ఫోన్ చేసినవాడు పంపిన ఆర్‌సీ కూడా ఎవరో అమాయకుడు ఇలాగే చాట్‌లో పంపినదై ఉండొచ్చు. కాబట్టి ఫొటో అడగొద్దు, బండి నంబర్ అడగండి. నంబర్ ప్లేట్ మీద ఊరంతా చూసేదే కనుక అది చెప్పడానికి ఎవరికీ ఇబ్బంది ఉండకూడదు. అదీ చెప్పనంటే అక్కడితో ఆపేయొచ్చు.

మొదటి మెసేజ్‌లోనే మీరెవరో, ఎప్పుడొస్తారో, ఏం కావాలో చెప్పేస్తే సగం కసుర్లు తగ్గుతాయి. ఇలా రాయండి: "నమస్తే అండీ, నేను ఎల్బీ నగర్‌లో ఉంటాను. మీ షైన్ చూశాను, కొనే ఉద్దేశంతోనే అడుగుతున్నాను. బండి నంబర్ చెబితే వివరాలు చూసుకుని శనివారం పొద్దున పదింటికి వస్తాను. ఒరిజినల్ ఆర్‌సీ అప్పుడు చూపిస్తే చాలు." రేటు గురించి ఇందులో ఒక్క ముక్క ఉండకూడదు. చూడని బండికి బేరమాడేవాడి మీద అమ్మేవాళ్లకు గౌరవం ఉండదు. శనివారం పది అన్నాక పదికే వెళ్లండి. వెళ్లలేకపోతే ముందే చెప్పండి. ఇంత పద్ధతిగా వచ్చిన మనిషి మీద కూడా అరిచేవాడుంటే అది ఆయన స్వభావం, మీరు మనసులో పెట్టుకోనక్కర్లేదు.

ఇక రెండోవాడు. ఆర్మీ, సీఐఎస్ఎఫ్ ఉద్యోగం, దూరానికి బదిలీ, ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లోనో కంటోన్మెంట్‌లోనో బండి, సగం రేటు, ఆర్మీ ట్రాన్స్‌పోర్ట్‌లో ఇంటికే డెలివరీ. ఇది దేశమంతా తిరుగుతున్న కథ. మన దగ్గర శంషాబాద్ పేరు వినిపిస్తుంది, ఇంకో రాష్ట్రంలో ఇంకో ఎయిర్‌పోర్ట్ పేరు. ముందు చిన్న మొత్తం అడుగుతారు. అది ఇచ్చినవాడు ఇంకా ఇస్తాడని వాళ్లకు తెలుసు. తర్వాత జీఎస్టీ అంటారు, ఆ తర్వాత "రిఫండ్ అవుతుంది" అంటూ ఇంకో మొత్తం అడుగుతారు. డబ్బు తిరిగి పంపుతామంటూ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చెయ్యమంటారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐలో పిన్ కొట్టాల్సిన పనే లేదు. పిన్ అడిగిందంటే మీ ఖాతాలోంచి డబ్బు వెళ్లబోతోందని అర్థం.

రెండోసారి అడిగినప్పుడే మీరు ఆగారు, అది మామూలు విషయం కాదు. యూనిఫాం మీద మనవాళ్లకున్న గౌరవాన్ని వాడుకుని మోసం చేశాడతను, మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంట్లో చెప్పకపోయి ఉంటే చెప్పేయండి. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. వెంటనే చేసి ఉంటే డబ్బు అవతలి ఖాతాలోంచి కదలకముందే ఆపించే అవకాశం ఎక్కువగా ఉండేది. ఇప్పుడు ఆ అవకాశం తగ్గినా ఫిర్యాదు మానొద్దు. అతను వాడిన ఫోన్ నంబర్, యూపీఐ ఐడీ పోలీసుల దగ్గరికి చేరతాయి. చాట్ డిలీట్ చేయకండి. మీ బ్యాంకుకీ చెప్పండి.

ఇప్పుడు ఉప్పల్ బండికి వద్దాం. ఆయన చెప్పేవి అబద్ధాలని నేను అనడం లేదు. బావమరిది పేరు మీద బండి ఉండటం, లోన్ తీరినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించుకోకపోవడం మన ఇళ్లల్లో మామూలే. కానీ నిజమో కాదో తేలాల్సింది డబ్బు ఇవ్వకముందు. ఆయన ఇచ్చాక అంటున్నాడు. అసలు గొడవ అదే.

చట్టం దృష్టిలో బండి ఉప్పల్ ఆయనది కాదు, ఖమ్మంలో ఉన్న ఆ బావమరిదిది. అమ్మే హక్కూ అతనిదే. పేరు మార్చడానికి కావాల్సిన 29, 30 నంబర్ ఫారాల మీద సంతకాలు అతనే పెట్టాలి. ఈ పని ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లో మొదలవుతుంది కాబట్టి అతని ఆధార్, అతని ఫోన్‌కొచ్చే ఓటీపీ అవసరం పడొచ్చు. అమ్మిన రెండు నెలల తర్వాత అతను మీ ఫోన్ ఎత్తకపోతే మీరేం చేస్తారు? "సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇస్తా, నీకు వీలైనప్పుడు చేయించుకో" అని కూడా అనొచ్చు. ఒప్పుకోవద్దు. అలాంటి ఫారాలతో ముగ్గురు నలుగురి చేతులు మారిన బళ్లున్నాయి, ఆర్‌సీలో మాత్రం ఇంకా మొదటి ఓనర్ పేరే ఉంటుంది.

బావమరిదితో ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడించమనండి. "మీ బండి అమ్ముతున్నారని తెలుసా అండీ, రేటు ఇంతట, సంతకాలకు ఎప్పుడు రాగలరు?" అని మీరే నేరుగా అడగండి. నిజమైన బంధువులైతే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఏ రోజు అడిగినా అతను ఫోన్‌లో దొరకడం లేదంటే ఇక ఆ బండి గురించి ఆలోచించకండి.

ఫైనాన్స్ సంగతి ఇంకా ముఖ్యం. లోన్ నిజంగా తీరితే ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ, అంటే తమకు అభ్యంతరం లేదన్న పత్రం ఇస్తుంది, దాంతోపాటు 35వ నంబర్ ఫారం మీద సంతకం చేసి ఇస్తుంది. అవి చూపించి రవాణా శాఖలో దరఖాస్తు చేస్తే ఆర్‌సీలోంచి వాళ్ల పేరు తీసేస్తారు. అది కాకుండా పేరు మార్పు ముందుకు కదలదు. తీరిపోయిందంటున్నాడు కదా, ఆ ఎన్‌ఓసీ చూపించమనండి. పోయిందంటే కంపెనీ దగ్గరికి వెళ్లి ఇంకొకటి తెచ్చుకోవాల్సింది వాళ్లే. ఒకవేళ ఇంకా వాయిదాలు బాకీ ఉన్నాయనుకోండి, ఏదో ఒక రోజు బాకీ బళ్లను లాక్కెళ్లే సీజింగ్ వాళ్లు మిమ్మల్ని రోడ్డు మీద ఆపుతారు. "నేను 46 వేలు పెట్టి కొన్నాను" అన్న మాట వాళ్లు వినరు.

మరి కసురుకునే మనిషితో ఇదంతా ఎలా చెప్పాలి అంటారు. మీ భయం గురించి కాకుండా ఆయన వాళ్లకున్న ప్రమాదం గురించి మాట్లాడండి. ఇది చాలామందికి తట్టని విషయం. పేరు మారనంత కాలం ఎక్కువ ప్రమాదం అమ్మినవాళ్లకే. ఎవరి పేరు మీద రిజిస్ట్రేషన్ ఉందో అతనే ఓనర్ అని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. బండి చేతులు మారినా రిజిస్టర్డ్ ఓనర్ పరిహారం బాధ్యత నుంచి తప్పించుకోలేడని 2018లో సుప్రీంకోర్టు కూడా ఒక ప్రమాదం కేసులో స్పష్టం చేసింది. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాల్సిన బాధ్యత చట్టం అమ్మినవాడి మీదే పెట్టింది. కొన్నవాడికి 30 రోజులు గడువు.

కాబట్టి ఇలా చెప్పండి: "అన్నా, బండి నాకు నచ్చింది, తీసుకుంటా. రేపు నేను ఎవరికైనా తగిలిస్తే కేసు మీ బావమరిది పేరు మీదికి వస్తుంది, చలాన్లు కూడా ఆయనకే వస్తాయి. అందుకే ఫైనాన్స్ పేరు తీయించి, ఆయన ఒక్క పూట వస్తే ఆర్‌టీఏ పని అయిన రోజే మొత్తం డబ్బు ఇచ్చేస్తా." ఇందులో అనుమానం లేదు, అవమానం లేదు. బండి వదిలించుకోవాలని నిజంగా అనుకునేవాడు ఈ మాట విని కాసేపైనా ఆలోచిస్తాడు. అప్పటికీ "నీకు అవసరం లేదు పో" అంటే, మీకు నిజంగానే అవసరం లేదు.

"ఇంకో నలుగురు లైన్లో ఉన్నారు" అన్నదానికి ఎదురు చెప్పకండి. "వాళ్లకు ఇచ్చేస్తే సరే అన్నా, ఉంటే మాత్రం నేను రెడీ" అనండి చాలు. ఉప్పల్ ఆయన అన్నిటికీ సరేనని, ఫైనాన్స్ పేరు తీయించడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఏదో ఒక అడ్వాన్స్ ఇమ్మంటే, అది న్యాయమే. అయిదు వేలు కాదు, పోయినా మీరు తట్టుకోగలిగినంత చిన్న మొత్తం ఇవ్వండి. అది బావమరిది పేరు మీదున్న బ్యాంకు ఖాతాకే వేయండి. బండి నంబర్, ఒప్పుకున్న ధర, ఏ తేదీలోగా కాగితాలు సిద్ధం కావాలి, కాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి అన్న నాలుగు విషయాలు వాట్సాప్‌లో రాసి ఆయనతో "సరే" అని జవాబు పెట్టించుకోండి.

బండి నంబర్ చేతిలో ఉంది కాబట్టి ఈలోగా మీరు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని కొంత ఉంది. కేంద్ర ప్రభుత్వ ఎం పరివాహన్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి చూడండి. తెలంగాణ బళ్ల వివరాలు చాలాకాలం రాష్ట్ర రవాణా శాఖ సొంత వ్యవస్థలోనే ఉండేవి, అందుకని అక్కడ దొరక్కపోతే రవాణా శాఖ వెబ్‌సైట్ చూడండి. ఇన్సూరెన్స్ గడువు, తయారీ సంవత్సరం, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి మీకు చెప్పినదానితో సరిపోవాలి. ఖమ్మం బండి అయితే నంబర్ టీఎస్ 04తో మొదలవ్వాలి. టీజీ అన్నది 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకే, పాత టీఎస్ నంబర్ ఉన్నందువల్ల ఏ ఇబ్బందీ లేదు.

పోలీసుల ఈ-చలాన్ సైట్ కూడా చూడండి. బాకీ ఎంతుందో తెలుసుకోవడానికి మాత్రమే కాదు. చలాన్‌లో తేదీ, చోటు, చాలాసార్లు ఫొటో కూడా ఉంటాయి. "ఇంట్లోనే ఉంచాం, పెద్దగా తిప్పలేదు" అన్న బండికి నగరం నలుమూలలా చలాన్లు పడి ఉంటే ఆ మాట ఎంత నిజమో తెలిసిపోతుంది. బాకీ ఉన్న చలాన్లన్నీ డబ్బు చేతులు మారకముందే ఆయనతో కట్టించండి, లేదా అంత మొత్తం ధరలో తగ్గించుకోండి.

ఇన్సూరెన్స్ గురించి అడిగితే "అయిదేళ్లది ఉంది" అంటారు. ఆ మాట ఒకప్పుడు నిజమే. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి చేశారు. 2019లో కొన్న బండికి అది 2024తో అయిపోయింది. ఆ తర్వాత రెన్యూ చేయించారా? షైన్ 125 సీసీ బండి. ఈ తరగతికి 2022 జూన్‌లో నిర్ణయించిన థర్డ్ పార్టీ రేటు ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. ఇంత తక్కువ డబ్బుకి కూడా చాలామంది వదిలేస్తారు. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు. దాని సంగతి అలా ఉంచండి, ఎవరికైనా తగిలితే పరిహారం మీ జేబులోంచి కట్టాలి. అందుకే ఇన్సూరెన్స్ లేని బండిని టెస్ట్ రైడ్‌కి కూడా మెయిన్ రోడ్డెక్కించకండి.

బండి బాగానే ఉందని మీరే చూసొచ్చానన్నారు. ఇంకోసారి మెకానిక్‌తో వెళ్లండి. మీ రూమ్ దగ్గర మెకానిక్‌కి అతని సమయానికి తగ్గ డబ్బు ఇస్తానని చెప్పి వెంట తీసుకెళ్లండి. మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పి, వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే కాసేపు ఆగి, చల్లారాక స్టార్ట్ చేయించండి. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటుందా, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోందని, ఇంజిన్ పని ఉందని అర్థం. అలాంటి బండిని ఏ రేటుకీ తీసుకోవద్దు. ముందు ఫోర్క్‌ల దగ్గర ఆయిల్ జిడ్డు, హ్యాండిల్ తిప్పితే మధ్యలో పట్టేసినట్టుండటం, చైన్ సెట్ అరుగుదల ఇవన్నీ మెకానిక్ చూస్తాడు. ఇవి బాగుచేయించుకోగలిగినవే, ఖర్చు ఎంతవుతుందో అక్కడే అతన్ని అడగండి.

మీటర్‌లో కిలోమీటర్లను మాత్రం ఊరికే నమ్మకండి. టైర్ పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. మీటర్ 14 వేలు చూపిస్తూ, టైర్లు మాత్రం ఒకసారి మారి రెండోసారివి కూడా అరిగిపోయి ఉంటే ఆ మీటర్ అబద్ధం చెబుతున్నట్టే. బ్రేక్ పెడల్, గేర్ లివర్ రబ్బర్, ఫుట్‌రెస్ట్‌ల అరుగుదల కూడా చూడండి. కంపెనీ సర్వీసింగ్ చేయించామంటే ఆ రసీదులు చూపించమనండి, ఒక్కోదాని మీద అప్పటి కిలోమీటర్లు రాసి ఉంటాయి. హ్యాండిల్ కింద మెడ దగ్గర చెక్కి ఉన్న ఛాసిస్ నంబర్‌ని, ఇంజిన్ నంబర్‌ని ఆర్‌సీలో ఉన్నవాటితో ఒక్కో అంకె చదువుతూ పోల్చుకోండి. అక్కడ గీతలు, రుద్దిన గుర్తులు, కొత్త పెయింట్ కనిపిస్తే బేరం మాట కూడా ఎత్తకుండా వచ్చేయండి.

టెస్ట్ రైడ్ దగ్గర అమ్మేవాళ్లు ఇబ్బంది పెడతారు. వాళ్ల భయం వాళ్లది. రైడ్ అని చెప్పి బండితో ఉడాయించినవాళ్లు ఉన్నారు మరి. మీ వెంట వచ్చిన మెకానిక్‌ని ఆయన దగ్గర కూర్చోబెట్టి వెళ్లండి, లేదా ఆయన్నే వెనక కూర్చోమనండి. లైసెన్స్ జేబులో ఉండాలి, హెల్మెట్ మీదే తీసుకెళ్లండి.

బేరం అప్పుడు మొదలుపెట్టండి. "తగ్గించండి" అని ఊరికే అంటే కోపమొస్తుంది. "చైన్ సెట్ మార్చాలి, ఇన్సూరెన్స్ కట్టుకోవాలి, వెనక టైర్ అయిపోయింది, వీటికి ఇంత అవుతుందని మెకానిక్ అంటున్నాడు, ఆ లెక్కన ఇంత ఇవ్వగలను" అంటే ఎంత ముక్కోపి అయినా వింటాడు. బండిని తిట్టకండి. ఇష్టపడి కొనుక్కున్న బండిని ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి పాతది, డొక్కుది అంటే ఎవరికైనా మండుతుంది. మీరు ఇవ్వగలిగిన అంకె ఇంట్లోనే అనుకుని వెళ్లండి. అది దాటాల్సి వస్తే దండం పెట్టి వచ్చేయండి. అలా వచ్చేసిన రెండు మూడు రోజులకు వాళ్లే ఫోన్ చేయడం ఈ వ్యాపారంలో తరచూ జరిగేదే.

ఉప్పల్ బండి కుదరకపోతే పాత బళ్లు అమ్మే ఆటో కన్సల్టెన్సీ షాపులకూ వెళ్లి చూడండి. రేటు కాస్త ఎక్కువే ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి పాత బళ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలన్న రూల్ వచ్చింది, అది ఉందా అని అడగండి. వాళ్లు "ట్రాన్స్‌ఫర్ మేమే చేయిస్తాం" అంటే ఎప్పటిలోగా, ఎంతకు అన్నది బిల్లు మీద రాయించుకోండి. విజయవాడ వైపు నుంచి వచ్చిన ఏపీ నంబర్ బండి తక్కువకు వస్తోందని ఆశపడొద్దు. అక్కడి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. రెండూ లెక్కేస్తే ఆ తక్కువ తక్కువ కాదు. ఓనర్ చనిపోయాడు, కొడుకు అమ్ముతున్నాడు అంటే ముందు వాళ్లు 31వ నంబర్ ఫారంతో వారసుడి పేరు మీదికి మార్చుకున్నాకే మీరు కొనాలి.

డబ్బిచ్చే రోజు సంగతి. ఇంటి ముందు కాదు, ఆర్‌టీఏ పని పూర్తయ్యాక అక్కడే ఇవ్వండి. ఆర్‌సీ మీదున్న మనిషి ఖాతాకే పంపండి. ఉప్పల్ ఆయన "నా నంబర్‌కి ఫోన్ పే చెయ్యి" అంటారు, వినకండి. బండి అప్పగించినట్టు ఒక డెలివరీ లెటర్, రెండు కాపీల్లో రాయించండి. బండి నంబర్, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, మొత్తం, తేదీతో పాటు టైం కూడా రాయాలి. ఆ రోజు పొద్దున పడిన చలాన్ ఆయనదా, సాయంత్రం పడినది మీదా అన్న తగువు దానితోనే తేలుతుంది. ఇద్దరి సంతకాలు, ఆధార్ కాపీలు జత చేయండి. రెండో తాళం చెవి అడగడం చాలామంది మర్చిపోతారు, మీరు మర్చిపోకండి. ఇంటికొచ్చాక ఇన్సూరెన్స్ పాలసీని 14 రోజుల్లోగా మీ పేరు మీదికి మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టండి. పాలసీ అయిపోయి ఉంటే మాత్రం ఉప్పల్ నుంచి బండి కదలకముందే ఫోన్‌లో కొత్తది తీసుకోండి. సొంత నష్టాల కవర్ ఉన్న పాలసీ అయితే అందులోని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) పాత ఓనర్‌దే, మీకు రాదు. రెన్యువల్ ధర లెక్క వేసుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి.